పాచి డాక్టరు గారు

మొన్న పాలకొల్లులో పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నాను. ఆ కుర్ర డాక్టరు సన్నటి ఇనుప కొక్కెంతో కింది పళ్ళు గీకుతూ, "పాచి బాగా గట్టిపడిపోయిందండి, క్లీనింగ్ చేయించుకుని ఎన్నాళ్ళయింది?" అన్నాడు. నాకు నవ్వొచ్చేసింది. నోట్లో కొక్కెమూ, నీళ్ళు పీల్చే గొట్టమూ ఉండగా నవ్వితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అతను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, "నెప్పి పుట్టిందాండి?" అని కంగారుపడ్డాడు.

"నెప్పి కాదు బాబూ, ఒకావిడ గుర్తొచ్చారు" అన్నాను.

పాచి మాటెత్తితే గుర్తొచ్చే మనిషి ఎవరై ఉంటారా అన్నట్టు చూశాడు. అక్కడ పూర్తిగా చెప్పడానికి కుదరలేదు. ఇక్కడ చెబుతాను.

ఆవిడ పోయిన వానాకాలంలో కాలం చేశారు. రాత్రి భోంచేసి పడుకుని తెల్లారి లేవలేదు. పేరు రాయను. మా వైపు ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళే తక్కువ. పశువుల డాక్టరు. ప్రభుత్వ ల్యాబులో పనిచేసి రిటైరై, రాజమండ్రిలో తమ్ముడి గారి మేడ మీద గదిలో ఉండేవారు. ఉద్యోగమంతా పందులకి జబ్బు చేసే సూక్ష్మజీవుల మీదే గడిపారు. అందులోనూ అవి గుంపుగా ఒకచోట అతుక్కుని, జిగురు కక్కుకుని, ఆ జిగురు కింద మందుకి అందకుండా ఎలా దాక్కుంటాయన్నదే ఆవిడ చదువు. దాన్ని బయోఫిల్మ్ అంటారట. ఆవిడ మాత్రం ఎక్కడా ఆ మాట వాడేవారు కాదు. "పాచండీ, మనందరికీ తెలిసిన పాచే" అనేవారు. అందుకని మేం పాచి డాక్టరు గారు అని పిలుచుకునేవాళ్ళం, వెనకాల. ఒకసారి మా అత్తగారు నోరు జారి ఎదురుగానే అనేశారు. మేమందరం బిగుసుకుపోయాం.

"బాగుందండి. తలుపు మీద రాయించుకోవచ్చు" అన్నారు ఆవిడ.

పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఎప్పుడూ గంజి పెట్టిన నేత చీరే. బస్సు దిగేటప్పుడు చేతిలో ఒక గుడ్డ సంచీ ఉండేది. అందులో మోకాళ్ళ దాకా వచ్చే నల్ల రబ్బరు బూట్లు. షెడ్డు దగ్గరికి రాగానే ఆ బూట్లు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు వాటిలోకి దోపుకుని నడుస్తుంటే, వెనకనుంచి చూసేవాళ్ళకి పెద్ద కొంగ ఒకటి చేలో దిగినట్టుండేది.

ఇక ఆవిడ మర్యాద. మా వైపు 'అండి' లేకుండా మాట పూర్తవదు, అది అందరికీ ఉన్నదే. ఆవిడ దగ్గర దానికి హద్దు లేదు. "కాస్త జరగండమ్మా" అని పందుల్ని బతిమాలేవారు. సూక్ష్మజీవుల్ని 'వారు' అనేవారు. "వారికి ఎండ పడదండి", "వారు ఒంటరిగా ఉన్నప్పుడు ఏమీ చెయ్యలేరండి, పాపం" అంటుంటే మొదట్లో నేను రాజమండ్రిలో ఎవరో పెద్దమనుషుల కుటుంబం సంగతి చెబుతున్నారనుకున్నాను.

ఆవిడ మా ఇంటికి రావడానికి కారణం మా ఆయన.

మా ఆయనకి రొయ్యల చెరువులుండేవి. వైరస్ వచ్చి చెరువు తుడిచిపెట్టుకుపోయాక, ఇంక నీళ్ళలో ఉండే దేన్నీ పెంచనని చెప్పి, కాలవ గట్టు పక్కనున్న మా మెరక మీద షెడ్డు వేసి సీమ పందుల్ని తెచ్చారు. తెల్లగా, గులాబీ చెవులతో బాగానే ఉండేవి. ఊళ్ళో నవ్వారు. ఆదివారం చర్చికి వెళ్తే వెనక బెంచీ వాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారని మా అత్తగారు వారమంతా సాధించేవారు. ఈయన పట్టించుకోలేదు. ఓవర్ హెడ్ ట్యాంకు కట్టి, అక్కణ్ణించి ప్రతి గదికీ పైపులైను స్వయంగా వేసుకున్నారు. పంది మూతితో నొక్కితే నీళ్ళొచ్చే చిన్న కుళాయిలు బిగించారు. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ ఇచ్చేలోపే షెడ్డుకి తీసుకెళ్ళి ఆ పైపులైను చూపించేవారు.

తర్వాత దగ్గు మొదలైంది. తల్లి దగ్గర పాలు మాన్పించిన పిల్లలకి జ్వరం, దగ్గు. ఊపిరి అందక కుక్కల్లా ముందు కాళ్ళు నిలబెట్టి కూర్చుని డొక్కలెగరేసేవి. మా ఊరి పశువుల డాక్టరు గారు ఇంజక్షన్లు ఇస్తే తగ్గేది. మందు ఆపితే మళ్ళీ వచ్చేది. కొన్ని పోయాయి. పోయినవాటిని పాతిపెట్టడం చూసి కాలవ అవతల ఇళ్ళవాళ్ళు షెడ్డు ఎత్తించెయ్యమని పంచాయతీలో పట్టుబట్టారు. మా ఆయన మాట తగ్గించేశారు. ఒకరోజు అన్నం కలుపుకుంటూ, "ఉన్నవి అమ్మేసి ఆపేద్దాం. నా చెయ్యి మంచిది కాదు" అన్నారు. ఆ మాటకి నాకు చాలా బాధేసింది. రొయ్యలు పోయినప్పుడు కూడా ఆయన అలా అనలేదు.

మా ఊరి డాక్టరు గారే ఈవిడ సంగతి చెప్పారు. "రిటైరయ్యారు గానీ పిలిస్తే వస్తారు. బస్టాండులో ఎక్కించుకుని, మధ్యాహ్నం భోజనం పెడితే చాలు. కాకపోతే ఏది పడితే అది ముట్టుకుంటారు, కోప్పడకండి" అన్నారు.

ఆ ఆఖరి ముక్క అర్థం మాకు గుమ్మంలోనే తెలిసింది. మా అత్తగారు మర్యాదగా మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇస్తే ఆవిడ తాగలేదు. "ఈ నీళ్ళు ఎందులోంచి ముంచారండి?" అనడిగి, తిన్నగా వంటింట్లోకి నడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, బిందెలో చూపుడు వేలు పెట్టి లోపలి గోడని చుట్టూ రాశారు.

తన బిందెలంటే మా అత్తగారికున్న గర్వం మీకు తెలీదు. రోజూ చింతపండుతో తోముతారు. నన్ను కూడా ముట్టుకోనివ్వరు. అత్తగారి మొహం ఎర్రబడింది. నేను ఏదో ఒకటి అడ్డం చెప్పబోతున్నాను.

"ఇక్కడ ఎవరూ కాపురం లేరండి. ఇంత శుభ్రమైన బిందె నేను చూడలేదు" అన్నారు డాక్టరు గారు, చెయ్యి బయటికి తీసి. తర్వాత ఆ గ్లాసు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు అడిగారు.

ఆ క్షణం నుంచి మా అత్తగారు ఆవిడ మనిషైపోయారు.

షెడ్డులో ఆవిడ పందుల్ని ముట్టుకోలేదు. కాసేపు కళ్ళు మూసుకుని దగ్గులు విన్నారు. తర్వాత ఒక కుళాయి విప్పించి, పైపు మూతిలో చిటికెన వేలు పెట్టి రాసి, మా ఆయన్ని పిలిచారు.

"మీరూ పెట్టి చూడండి. ఏంటి?"

"జారుతోందండి."

"జారకూడదండి. ఈ పైపు కోయాలి."

మా ఆయనకి ఆ పైపు కోయడమంటే ఒళ్ళు కోయడమే. "వారం వారం బ్లీచింగ్ వేస్తున్నానండి" అన్నారు.

"వేస్తున్నారు. పైనున్నవారు పోతున్నారు. అడుగున ఉన్నవారికి మీరు బ్లీచింగ్ వేసిన సంగతే తెలీదు. పొద్దున్నే లేచి నీళ్ళు పుక్కిలించి ఊస్తే పళ్ళ మీద పాచి పోతుందాండి?"

"పోదండి."

"మరెలా పోతుంది?"

"తోముకోవాలండి."

"అంతేనండి. నా చదువంతా కలిపి ఆ ముక్కే. ఒక్కొక్కరుగా నీళ్ళలో తేలుతున్నప్పుడు వారు మందుకి లొంగిపోతారు. గోడకి అతుక్కుని, ఒకరి మీద ఒకరు చేరి, జిగురు కప్పేసుకున్నాక మందు పైపైనే పోతుంది. మీరు ఆపగానే మళ్ళీ నలుగురు బయటికొస్తారు."

రంపం తెచ్చారు. మా ఆయనే కోశారు. నేను చూస్తూ నిలబడ్డాను. పైపు ముక్క విడిపోగానే లోపల్నించి గోధుమ రంగు జిగురు, కుళ్ళిన బచ్చలాకులా, తాపీగా జారి నేల మీద పడింది. డాక్టరు గారు దాన్ని ఆప్యాయంగా చూశారు. ఆప్యాయంగా అనే రాస్తున్నాను, వేరే మాట లేదు. చాలాకాలానికి చుట్టాలు కనిపించినట్టు. వంగి వాసన చూసి తలెత్తారు.

"ఈ నీళ్ళలో తీపి ఏమైనా కలుపుతారాండి?"

మా ఆయన మొహం ఆ రోజు మొదటిసారి వెలిగింది. "ఎండాకాలం బెల్లం నీళ్ళండి. పాలు మాన్పించిన పిల్లలు నీరసపడిపోతాయని. విటమిన్ టానిక్కు కూడా ట్యాంకులోనే కలుపుతాను. మంచి బెల్లమేనండి, తణుకు వైపు నుంచి తెప్పిస్తాను."

ఆవిడ నేల మీది జిగురు వంక చూశారు. దాంతో ఆయనకి అర్థమైంది. చేతిలో రంపం కింద పెట్టి, బయటికి నడిచి, కాలవ గట్టు మీద కూర్చున్నారు.

నేను వెళ్దామా వద్దా అని ఆలోచిస్తుండగానే డాక్టరు గారు బూట్లతోనే వెళ్ళి ఆయన పక్కన కూలబడ్డారు. నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి ఆయన తల వంచుకుని, "నేనే మేపానన్నమాట" అంటున్నారు.

"ప్రేమగా పెట్టావు అబ్బాయీ. పిల్లలు తిన్నారు, వారూ తిన్నారు. పెట్టేవాడికి ఏం తెలుస్తుంది ఎవరెవరు పంక్తిలో కూర్చున్నారో" అన్నారు ఆవిడ. అండి పోయింది, 'నువ్వు' వచ్చింది. ఆవిడ నువ్వు అనడం మొదలుపెట్టారంటే మనం సొంతవాళ్ళం అయినట్టు. "పైపు ఒక్కటే కారణమని నేను ఒట్టు పెట్టను. వారు పంది గొంతులో కూడా ఉంటారు. ల్యాబులో చూపిస్తాను. కానీ పైపు మాత్రం మారుద్దాం. బెల్లం కావాలంటే తొట్టెలో కలిపి పెట్టు, తాగాక తొట్టె తోమేసెయ్. చెయ్యి మంచిది కాదని ఇంకెప్పుడూ అనకు."

ఆయన ఆ మాట అన్నారని ఆవిడకి నేను చెప్పలేదు. మా అత్తగారు చెప్పి ఉంటారు.

ల్యాబులో చూస్తే దగ్గు తెప్పించే సూక్ష్మజీవి ఆ జిగురులోనూ ఉంది, పిల్లల ఊపిరితిత్తుల్లోనూ ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది ఒక ఉత్సవం. ఉన్న పందుల్ని అమ్మేదాకా ఆగి షెడ్డు ఖాళీ చేశాం. పాత పైపులు పీకేసి, మూలమలుపులు లేకుండా, నీళ్ళెక్కడా నిలవకుండా కొత్తవి వేశాం. ట్యాంకు, గోడలు, నేల ముందు సబ్బుతో తోమి, తర్వాతే మందు కొట్టి, తర్వాత ఎండకి వదిలేశాం. డాక్టరు గారు గొడుగేసుకుని నిలబడి, "ఆరనివ్వండి, కంగారు పడకండి. ఆరడమే సగం వైద్యం" అంటూ ఉండేవారు. మా అత్తగారు చింతపండు బుట్టతో దిగారు. ట్యాంకుకి చింతపండు పనికిరాదని ఆవిడకి నచ్చచెప్పడానికి డాక్టరు గారికే ఒక పూట పట్టింది.

కొత్త పందుల్ని తెచ్చి, అవి ఈనాక పిల్లలకి టీకాలు కూడా వేయించి, పాలు మాన్పించే రోజులు వచ్చాక ఆవిడ మళ్ళీ వచ్చారు. షెడ్డు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకున్నారు. మేమందరం ఊపిరి బిగబట్టాం. ఒక దగ్గు వినిపించింది. మా ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ కళ్ళు తెరిచి, మెల్లగా తల తిప్పి, గుమ్మంలో నిలబడ్డ మా అత్తగారి వంక చూశారు.

"అల్లం టీ తాగండి" అన్నారు.

దగ్గు పూర్తిగా పోయిందని చెప్పను. అప్పుడప్పుడు వచ్చేది, మందుకి తగ్గేది, అలా తగ్గిపోయి ఊరుకునేది. షెడ్డు మాత్రం నిలిచింది. కాలవ అవతలవాళ్ళు కూడా ఏమనుకున్నారో, ఎండబెట్టిన షెడ్డు చూసిపోయి ఆ మాట ఎత్తడం మానేశారు.

ఆవిడ మాకు చుట్టమైపోయారు. దానివల్ల చిక్కులు కూడా వచ్చాయి. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పిలిచాం. భోజనాల బంతులు మొదలవబోతుండగా ఈవిడ మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఆగి, అలవాటుగా వేలు పెట్టి, ఎవరికీ చెప్పకుండా కుళాయి తిప్పేశారు. డ్రమ్ములో నీళ్ళన్నీ పెళ్ళికొడుకు తరఫువాళ్ళ చెప్పుల మీంచి కాలవ కట్టాయి. మా ఆడపడుచు భర్త పరిగెత్తుకొచ్చి, "ఏంటండీ ఇది?" అన్నారు.

"జారుతోందండి" అన్నారు ఆవిడ, పెళ్ళివారందరికీ అర్థమైపోతుందన్నట్టు.

వంటవాళ్ళు డ్రమ్ము తోమి మళ్ళీ నీళ్ళు పట్టేదాకా బంతి ఆగింది. ఆకలి మీదున్న వియ్యాలవారికి మా ఆయన పళ్ళపాచి సంగతి వివరించారు. దాంతో ఆకలి కాస్త తగ్గినట్టే కనపడింది. ఆ తర్వాత మా చుట్టాల్లో ఏ శుభకార్యమైనా, ఆవిణ్ణి పిలవాలా వద్దా అని ఒక చర్చ జరిగేది. చివరికి పిలిచేవాళ్ళు. డ్రమ్ములు మాత్రం ముందురోజే తోమించేవాళ్ళు.

తర్వాత ఆవిడ మోకాలు అరిగిపోయి, ఆపరేషన్ చేయించుకుని కొత్త కీలు వేయించుకున్నారు. మొదట్లో బాగానే నడిచారు. కొన్నాళ్ళకి వాపు, జ్వరం. మందులు వాడితే తగ్గేది, ఆపితే వచ్చేది. కబురు తెలిసి నేనూ మా ఆయనా ఆసుపత్రికి వెళ్ళాం. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"మందు వేస్తే తగ్గుతోంది, ఆపితే వస్తోంది. ఏంటి అబ్బాయీ అర్థం?" అనడిగారు, బళ్ళో పాఠం అడిగినట్టు.

మా ఆయన నా వంక చూశారు.

"చెప్పు. నీకు తెలుసు."

"అతుక్కున్నారండి" అన్నారు ఆయన. 'వారు' అన్న మర్యాద ఆయన నోట రావడం అదే మొదలు.

ఆవిడ పెద్దగా నవ్వారు. నవ్వుతూనే మొహం గోడ వైపు తిప్పేసుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "అది తీసేసి, కొన్నాళ్ళు అలా ఉంచి, మళ్ళీ కొత్తది వెయ్యాలమ్మాయ్. డాక్టరు గారు చెప్పడానికి నసుగుతుంటే నేనే ఆయనకి ధైర్యం చెప్పాను. నాకు మాత్రం భయంగా ఉంది. వారి సంగతి తెలియనివాళ్ళు నయం" అన్నారు.

 చెయ్యి వదలకుండా కూర్చున్నాను.

పాత కీలు తీసేశాక మేడ మీదికి మెట్లెక్కడం కుదరదు. తమ్ముడి గారింట్లో కింది వాటా అద్దెకిచ్చి ఉంది. అందరూ ఎలాగా అనుకుంటుండగా మా అత్తగారు మంచం పక్కకి వెళ్ళి, "మా ఇల్లు నేల మీదే ఉంది డాక్టరమ్మ గారూ. నా బిందెలు మీరు చూశారు కదా. ఇంకేం ఆలోచించక్కర్లేదు" అన్నారు. ఆవిడ ఆలోచించలేదు.

అలా కొత్త కీలు వేసే ఆపరేషన్ కూడా అయ్యి గాయం పూర్తిగా మానేదాకా మా ముందు గదిలోనే ఉన్నారు. ఆ రోజుల్లో మా ఇంటి పెత్తనం ఇద్దరు ముసలమ్మల చేతిలోకి వెళ్ళిపోయింది. షెడ్డునుంచి వచ్చినవాళ్ళెవరూ స్నానం చెయ్యకుండా వరండా దాటకూడదని మా అత్తగారి ఆజ్ఞ. మా ఆయన స్నానాలు చేసీ చేసీ తెల్లబడ్డారు. మధ్యాహ్నాలు వాళ్ళిద్దరూ బిందెకి చింతపండు మంచిదా, బూడిద మంచిదా అని వాదించుకునేవాళ్ళు. అది ఎన్నటికీ తెగలేదు. తెగకూడదనే ఇద్దరి ఉద్దేశమూ.

డాక్టర్లు బాగుందన్నారు. కర్రతో నడవొచ్చన్నారు. వెళ్ళేరోజు కారు గుమ్మంలో నిలబడి ఉంది. మా అత్తగారు పచ్చడి జాడీలు డిక్కీలో సర్దిస్తున్నారు. డాక్టరు గారు వరండాలో కుర్చీలో కూర్చుని, కాసేపు తటపటాయించి, "అబ్బాయీ, షెడ్డులోంచి ఒక పిల్లని తెస్తావా?" అన్నారు.

"పరీక్షకాండి? నోట్లోంచి తీసే దూది పుల్ల తెమ్మంటారా?"

"కాదు. ఊరికే."

మా ఆయన ఒక పిల్లకి గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించి, పాత తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఆవిడ కర్ర పక్కన పెట్టి రెండు చేతులూ చాపారు. ఎత్తుకోవడం తెలియదని చూడగానే తెలిసిపోయింది. మా అత్తగారు వచ్చి మోచెయ్యి కిందికి చెయ్యి సర్దారు. పిల్ల కాసేపు కాళ్ళు తన్నుకుని, ఆవిడ గడ్డం కిందికి మూతి దోపుకుని, కళ్ళు మూసుకుంది.

ఆవిడ కదలకుండా కూర్చున్నారు. తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు అన్నారు.

"ల్యాబులో నా దగ్గరికి ఈ పిల్లలు ఎప్పుడూ ఐసు పెట్టెలోనే వచ్చేవారు. ఇంత వెచ్చగా ఉంటారని తెలీదు."

డ్రైవరు హారన్ కొట్టబోతే మా అత్తగారు చెయ్యి అడ్డం పెట్టి, లోపలికొచ్చి టీ తాగమన్నారు.